డాక్టరు గారి ఆరో అధ్యాయం

మొన్న శుక్రవారం కువైట్‌లో, ఫర్వానియాలో, డాక్టరు గారికి సంతాప సభ పెట్టారు. ఫోటోకు పెద్ద దండ వేశారు. అగరుబత్తీలు కూడా వెలిగించారు. బతికి ఉంటే ఆ పొగకు దగ్గి, ఎవరు వెలిగించారో వాళ్ళ నడినెత్తి మీద పెన్నుతో రెండు తట్లు తట్టేవాడు. వరసగా ఆరుగురు మాట్లాడారు. ఒకాయన "మతి చెడినవాళ్ళ పాలిట దేవుడు" అన్నాడు. తర్వాత నన్ను లేవమన్నారు. మూడేళ్ళపాటు ప్రతి శుక్రవారం ఆయన చెబుతుంటే పుస్తకం టైపు చేసినవాణ్ణి కాబట్టి నాకు ఎక్కువ తెలిసి ఉంటుందని వాళ్ళ నమ్మకం. గొంతు పట్టేసిందని చెప్పి కూర్చున్నాను. నా గొంతు ఆ పొద్దున భజనలో గంటన్నర పాడినా చెక్కుచెదరలేదు. లేచి ఉంటే ఏం చెప్పి ఉండేవాణ్ణో అదే ఇప్పుడు రాస్తున్నాను.

సభ అయ్యాక ఆయన భార్య రాజమండ్రి నుంచి ఫోన్ చేసింది. నేను అమ్మగారు అని పిలుస్తాను. "బాబూ, ఆయన పుస్తకం అంతా నీ దగ్గరే ఉందిట కదా. సంవత్సరీకం నాటికి అచ్చు వేయించి, వచ్చినవాళ్ళకి తలో కాపీ ఇద్దామని. ఎలా ఉన్నది అలా పంపించవా?" అని అడిగింది.

ఉన్నది ఉన్నట్టు పంపడమే నా చేతకానిది. ఆ పుస్తకం ఆరో అధ్యాయంలో మా అక్క ఉంది. పిచ్చిదిగా ఉంది.

మా ఊరు రాయచోటి దగ్గర. నేను ఇక్కడ ఒక టైపింగ్ సెంటరులో ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా ఫారాలు, వీసా కాగితాలు కొడతాను. శుక్రవారం పొద్దున మా ఫ్లాటులో భజన, పురాణం. ఇరవైమందిమి తలుపులు బిగించుకుని, పక్కవాళ్ళకు ఇబ్బంది లేకుండా తాళాలకు గుడ్డ చుట్టి కొడతాం. పురాణం చదివేది నేను. చిన్నప్పుడు మా నాయన ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న చదువు అది. అది ముగించుకుని, నుదుట విభూతితోనే బస్సెక్కి సాల్మియాలో డాక్టరు గారి ఇంటికి వెళ్ళేవాణ్ణి.

తలుపు తీస్తూనే ఆయన అనే మాట ఒకటే. "వచ్చాడండీ శుద్ధ భక్తుడు! ఆ బూడిద కీబోర్డు మీద రాలనివ్వకు నాయనా."

ఆయన మానసిక వైద్యుడు, గోదావరి జిల్లావాడు. మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడుగు. చొక్కా జేబులో ఎప్పుడూ అక్రోటు పప్పులు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకటి తీసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, మడతలు చూపించి, "ఇదేనయ్యా నువ్వు" అని నోట్లో వేసుకునేవాడు. అక్రోటు పప్పు మెదడులా ఉంటుందని ఎవరికైనా తెలుసు. కానీ ఎదుటి మనిషిని నమిలి మింగుతున్నట్టు తినడం ఆయనకే చెల్లింది.

శుక్రవారం సంతలో కొన్న పింగాణీ తల ఒకటి ఆయన బల్ల మీద ఉండేది. బోడితల. దాని నిండా గీతలు గీసి, గళ్ళలో పేర్లు రాసి ఉండేవి. రెండు వందల ఏళ్ళ కిందట యూరపులో కొందరు వైద్యులు నెత్తి మీది ఎత్తుపల్లాలు తడిమి మనిషి గుణం చెప్పేవారట. దురాశ చెవి పక్కన, ప్రేమ తల వెనక, భక్తి సరిగ్గా నడినెత్తిన. ఆ శాస్త్రం అంతా తప్పని ఆయనే చెప్పేవాడు. చెప్పి, లేచి వచ్చి, నా నడినెత్తి మీద పెన్నుతో తట్టేవాడు. "కానీ నీ విషయంలో మాత్రం నిజమేనోయ్. ఇక్కడ ఎంత బొప్పి కట్టిందో!"

నేను నవ్వేవాణ్ణి. అప్పట్లో నవ్వు వచ్చేది.

ఆయన రాయించిన పుస్తకం మెదడు వైద్యుల చరిత్ర. తెలుగులో ఎవరూ రాయలేదని ఆయన పట్టుదల. తివాచీ మీద ఒట్టి కాళ్ళతో అటూ ఇటూ నడుస్తూ చెప్పేవాడు. బల్ల మీద ఒకసారి కొడితే కామా, రెండుసార్లు కొడితే ఫుల్‌స్టాప్. నేను ఆలోచించకూడదు. "నువ్వు టైపు చెయ్యి. ఆలోచించడానికి నేనున్నాగా" అనేవాడు. నా నోట్లోంచి 'చెప్పినాడు' అని వస్తే చాలు, "చెప్పాడు, చెప్పాడు! మీ రాయచోటి యాసని నా పుస్తకంలోకి రానిచ్చావో, నీ ఇఖామా రద్దు చేయిస్తాను" అని బెదిరించేవాడు.

చెప్పడం మాత్రం గొప్పగా చెప్పేవాడు. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, కానీ అబద్ధం రాయను. ఆసుపత్రి వంటగదినే ప్రయోగశాలగా మార్చుకుని, కొవ్వొత్తి వెలుగులో మెదడు ముక్కను వెండి ద్రావణంలో నానబెట్టిన వైద్యుడి కథ ఆయన చెబుతుంటే, ఒక్క నరకణం నల్లగా, కొమ్మలూ రెమ్మలతో కళ్ళ ముందు లేచి నిలబడేది. మలేరియా నెత్తురు ఎక్కించి, ఆ జ్వరంతో మతి కుదిర్చిన వైద్యుడు. నుదుటి వెనక నరాల దారులు తెగ్గోసి రోగులను నెమ్మదిపరిచిన వైద్యుడు. ఇద్దరికీ లోకంలోకెల్లా పెద్ద బహుమతి వచ్చిందట. "నెమ్మది అంటే ఏంటో తెలుసా? కుర్చీలో కూర్చోబెడితే సాయంత్రం దాకా అక్కడే ఉండటం. ఇంట్లోవాళ్ళు థాంక్స్ చెప్పేవారు" అనేవాడు.

ఒక రోజు పళ్ళు పీకించిన వైద్యుడి సంగతి చెప్పాడు. చిగుళ్ళలో చీము వల్లే మతి చెడుతుందని ఆ వైద్యుడి నమ్మకం. రోగులు ఏడుస్తున్నా, కాళ్ళు పట్టుకున్నా పళ్ళన్నీ పీకించేవాడు. అది చెబుతూ డాక్టరు గారు మధ్యలో ఆగిపోయాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"వాళ్ళ పేర్లు కూడా లేవయ్యా," అన్నాడు. "ఒక స్త్రీ, ముప్పై అయిదేళ్ళు, అంతే. పళ్ళు పీకినవాడి పేరుంది, పళ్ళు పోయినవాళ్ళ పేర్లు లేవు. దుర్మార్గులు."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ కన్నీళ్ళు చూసే నేను మోసపోయాను.

మా అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. రుమైథియాలో ఒక ఇంట్లో పదకొండేళ్ళు పనిచేసింది. ఆ ఇంటి ఇద్దరు బిడ్డలను ఎత్తుకుని పెంచింది తనే. మా ఊళ్ళో ఆమెకు ఇంకో పని ఉంది. పదిహేనో ఏట నుంచి గంగమ్మ తల్లి ఆమె మీదికే వస్తుంది. జాతరలో ఘటం మోసేది అక్కే. పూనకానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఆవులింతలు వస్తాయి. అప్పుడు దగ్గరున్నవాళ్ళు చెప్పులు విడిచి, చేతులు జోడించి, "ఎవరమ్మా వచ్చింది?" అని అడగాలి. తల్లి తన పేరు చెబుతుంది. అడగవలసింది అడుగుతుంది. జవాబు చెప్పి, పసుపు నీళ్ళిస్తే దిగిపోతుంది. అడిగేవాళ్ళు లేకపోతే దిగదు. ఆ ఒళ్ళు రెండు మూడు రోజులు కాలిపోతుంది. కువైట్‌లో ఉన్నన్నాళ్ళు జాతర రోజుల్లో అక్క సెలవు పెట్టి నా దగ్గరికి వచ్చేది. మా భజనలో తల్లిని అడిగి పంపేవాళ్ళం.

ఆ ఏడాది మామాకు, అంటే అక్క పనిచేసే ఇంటి ఆమెకు, చుట్టాలు వచ్చి సెలవు ఇవ్వలేదు. తల్లి వంటింట్లోనే వచ్చింది. అడిగేవాళ్ళెవరు అక్కడ? అక్క జుట్టు విరబోసుకుని ఊగుతుంటే పిల్లలు కేకలు పెట్టారు. మామా చెడ్డ మనిషి కాదు. మర్నాడు నాకు ఫోన్ చేసి, "డాక్టరుకు చూపించు. ఏమీ లేదని కాగితం తీసుకురా. తెస్తే పనిలో ఉంటుంది. లేదంటే ఖలాస్" అంది.

నాకు చెప్పలేనంత ధైర్యం వచ్చింది. డాక్టరు మనవాడే కదా! తెలుగువాడు, గోదావరి ఒడ్డున అమ్మవారి జాతరలు చూస్తూ పెరిగినవాడు. కువైటీ డాక్టరుకైతే ఏమి చెప్పి ఒప్పిస్తాం? ఈయనకు చెప్పే పనే లేదు, చూస్తే చాలు. అందుకని నేను చేసిన పని వినండి. వీసా వైద్య పరీక్షకు వెళ్ళేవాళ్ళు జబ్బు దాచుకున్నట్టు మేము తల్లిని దాచుకోలేదు. నేనే అక్కతో చెప్పాను, "అక్కా, ఆయన మనోడే. తల్లి వస్తే ఆపుకోవాకు. రానీ. చూస్తే ఆయనే రాసిస్తాడు" అని. సీసాలో పసుపు నీళ్ళు పట్టుకుని, మా తల్లిని నేనే ఆయన క్లినిక్‌కు నడిపించుకుపోయాను.

ఆయన బాగానే మాట్లాడాడు. "భయం లేదమ్మా. మన్లో మనం. కూర్చో" అన్నాడు. నిద్ర పడుతుందా, తిండి తింటున్నావా అని అడిగాడు. అక్క అన్నిటికీ జవాబు చెప్పింది. ఆ తర్వాత నేను తలుపు మూసి, తల్లిని పిలిచే పాట సన్నగా ఎత్తుకున్నాను.

అక్కకు ఆవులింతలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, అయిదు. ముడి జారింది. కుర్చీ కిందకు జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని ఊగింది. డాక్టరు గారు పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. అడగవలసింది నేను. నేను నోరు తెరిచేలోగానే ఆయన లేచాడు. బల్ల ఇవతలికి వచ్చాడు. ఒక కాలితో ఇంకో కాలి మడమ తొక్కి బూట్లు వదిలాడు. పెన్ను కింద పడింది, చూసుకోలేదు. రెండు చేతులూ జోడించాడు.

"ఎవరమ్మా వచ్చింది?" అన్నాడు.

అది డాక్టరు రోగిని అడిగే గొంతు కాదు. మా ఊళ్ళో మా పెదనాయన అడిగే గొంతు.

"గంగమ్మను రా," అంది తల్లి. "నీ యింట్లో దీపం పెట్టి ఎన్నాళ్ళయింది రా?"

ఆయన తల వంచాడు. నేను అబద్ధం చెబితే నా కళ్ళు పోతాయి. జోడించిన చేతులు నుదుటి దాకా వచ్చాయి.

"చాలా ఏళ్ళయింది తల్లీ," అన్నాడు.

నేను పసుపు నీళ్ళు ఇచ్చాను. తల్లి దిగింది. అక్క గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆయన వంగి బూట్లు తొడుక్కున్నాడు. మూల ఉన్న పంపు దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా, ఆపరేషన్‌కు ముందు కడుక్కున్నట్టు. మా వైపు తిరగకుండానే, "వెళ్ళిరండి. కాగితం మామాకి నేనే పంపిస్తాను" అన్నాడు.

బస్సులో అక్క అడిగింది. "ఏమన్యాడు రా ఆయప్ప?"

"ఏమంటాడు? చేతులు జోడించినాడు. నీ పని అయిపోయినట్టే," అన్నాను.

నిజంగానే అయిపోయింది. పది రోజుల్లో అక్కను విమానం ఎక్కించారు. మామా నాకు ఫోన్లో ఒకే మాట చెప్పింది. "తాబానా. ఖలాస్." జబ్బు మనిషి, ఇక అయిపోయింది అని. కాగితం సీలు వేసిన కవరులో నేరుగా ఆమెకు వెళ్ళింది కాబట్టి అందులో ఏముందో నాకు తెలియదు. డాక్టరు ఎంత మంచిగా రాసినా మామా భయపడి పంపేసిందని అనుకున్నాను. ఆ శుక్రవారం కూడా వెళ్ళి టైపు చేశాను. "అక్క వెళ్ళిపోయింది సార్" అంటే, ఆయన అక్రోటు నములుతూ "ఇంటి పట్టున ఉంటే నయమే కదా" అన్నాడు.

రెండు నెలల తర్వాత ఆరో అధ్యాయం మొదలుపెట్టాడు. తనను తాను దేవుడనుకునే రోగుల గురించి. పాత కాలపు ఆసుపత్రుల్లో రాజులమని, దేవతలమని చెప్పుకున్నవాళ్ళ సంగతులు రెండు పేజీలు చెప్పాడు. తర్వాత, "పేరా మార్చు" అన్నాడు.

"నా అనుభవంలోని ఉదాహరణ. ఒక పనిమనిషి, వయసు నలభై తొమ్మిది." బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. నేను ఫుల్‌స్టాప్ పెట్టాను. "చదువు లేదు. తాను గ్రామదేవతనని దృఢంగా నమ్ముతుంది. నా సమక్షంలోనే పేరు అడగ్గా దేవత పేరు చెప్పింది. మతి చెడినదని, స్వదేశానికి పంపివేయవలసినదని యజమానికి రాసి ఇచ్చాను."

నా వేళ్ళు ఆ మాటలు కొట్టేశాయి. కొట్టాక కళ్ళు చదివాయి. అలా తెలిసింది నాకు, నా వేళ్ళ కింది నుంచే.

"పేరు ఎవరు అడిగినారు సార్?" అన్నాను.

"అడిగినారు కాదు, అడిగారు. ఏ పేరు?"

"ఆమె పేరు. పేరు అడగ్గా అని ఉండాది గదా. ఎవరు, ఎట్లా అడిగినారు?"

ఆయన నడక ఆపాడు. మొహంలో ఏమీ లేదు. "ఆలోచించకన్నానా లేదా?" అన్నాడు.

"ఇంకేమన్నా చేర్చాల్నా సార్?"

"అంతే. ఫుల్‌స్టాప్."

తెలియక చేశాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలియనివాడైతే పేరు అడిగిన తీరు వేరుగా ఉండేది. ఆయనకు పద్ధతి తెలుసు. మా తల్లి పలకాలంటే ఎలా అడగాలో అలాగే అడిగి, పలికించి, పలికినందుకు పిచ్చిదని రాశాడు. పళ్ళు పీకినవాడికి కనీసం తన పట్టకారు మీద నమ్మకం ఉంది. ఈయన చేతులు జోడించి కూడా చేశాడు. భయపడ్డాడు, అంతే. ఎవరి ముందు వంగాడో ఆమెను దేశం దాటించాలనుకున్నాడు.

ఆ కాగితం అక్క పాస్‌పోర్టు కవరులోనే ఇంటికి వెళ్ళింది. మా వైపు ప్రతి వీధిలోనూ కువైట్‌లో పనిచేసి వచ్చి అరబీ చదవగలిగినవాళ్ళు ఉన్నారు. ఎవరో చదివారు. మూడో రోజుకే ఊరంతా తెలిసింది. నేను బాధపడతానని ఇంట్లోవాళ్ళు నాకు మాత్రం చెప్పలేదు. వచ్చిన జాతరకు ఘటం వేరే ఆమెకు ఇచ్చారు. "డాక్టరే రాసిచ్చినాడంట, మతి లేదని. ఇన్నాళ్ళూ మనం పిచ్చిదాన్ని మొక్కినాం" అన్నారట. కువైట్ రాకముందు ఇరవై మూడేళ్ళు మోసిన ఘటం. అక్క ఆ రోజు తలుపేసుకుని లోపలే కూర్చుంది. ఆ తర్వాత తల్లి ఆమె మీదికి రాలేదు.

ఇది తెలిశాక కూడా నేను ఆయన ఇంటికి వెళ్ళడం మానలేదు. ప్రతి శుక్రవారం వెళ్ళాను. మా వాళ్ళు నన్ను మెత్తనివాడన్నారు. పుస్తకం పూర్తయితే చివరి ఫైలు నా చేతిలోనే ఉంటుంది. అందుకే అది పూర్తి కావాలని ఆయనకంటే నేనే ఎక్కువ కోరుకున్నానని వాళ్ళకు తెలియదు. మా ఇలవేల్పు వీరభద్రుడు. అవమానానికి బదులు తీర్చడానికే పుట్టిన దేవుడు. నేను రోజూ ఆయన ముందే దీపం పెడతాను.

తలలో నరం చిట్లి పోయాడని వాట్సాప్‌లో చదివినప్పుడు సంతోషపడ్డాను. ఆ సంతోషానికి దేవుడి ముందు లెంపలు వేసుకోలేదు. వేసుకోను కూడా.

అమ్మగారు ఫోన్ చేసిన మర్నాడు అక్కకు ఫోన్ చేశాను. ఆరో అధ్యాయంలో ఆమె పేరా మొత్తం తీసేయాలని నా ఉద్దేశం. అన్నీ చెప్పి, ఆ పేరా చదివి వినిపించాను. అవతల తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"అక్కా, ఉండావా?"

"ఉండాను లే. పనిమనిషి అని రాసినాడా?"

"అవును."

"పదకొండేండ్లు ఆ బిడ్డలకు ముడ్లు కడిగినా. పనిమనిషే గదా. దానికేం లే. ఆయప్ప చెప్పులు ఇడిసింది రాసినాడా?"

నేను ఉలిక్కిపడ్డాను. "నీకెట్లా తెలుసు?"

"తల్లి దిగినంక కండ్లు తెరిస్తే బూట్లు ఈ పక్కన, మనిషి ఆ పక్కన. వచ్చి తొడుక్కున్యాడు. రాసినాడా లేదా?"

"లేదక్కా. అందుకే మొత్తం తీసేస్తాండా."

"తీసేయాకు!" అంత గట్టి గొంతు ఆమె నోట విని రెండేళ్ళయింది. "తీసేస్తే ఆయప్ప మంచోడైపోతాడు. పెండ్లాం పంచుతాది, జనం సదువుతారు, ఎంత గొప్పోడో అంటారు. ఉండనీ. జరిగింది జరిగినట్టు పూర్తిగా ఉండనీ. నువ్వు టైపు కొట్టేవోడివే గదా? కొట్టు."

"పాపం ఆ పెద్దమ్మ సదువుకుంటాది అక్కా."

"మన అమ్మ సదువుకోలేదా? ఊరంతా నోటితో సదివి వినిపించినారు ఆమెకు."

ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మూడేళ్ళు ఆయన వాక్యాలు కొట్టిన వేళ్ళకు ఆయన నడక బాగా తెలుసు. పొట్టి వాక్యాలు. విశేషణం ఉండదు. ఎక్కడా యాస రానివ్వలేదు. 'దేవత పేరు చెప్పింది' అన్న వాక్యానికి ముందు ఇలా చేర్చాను:

"నేను లేచి బూట్లు విడిచాను. రెండు చేతులూ జోడించి, ఎవరమ్మా వచ్చింది అని అడిగాను. నీ ఇంట్లో దీపం పెట్టి ఎన్నాళ్ళయిందని ఆమె అడిగింది. చాలా ఏళ్ళయింది తల్లీ అని జవాబు చెప్పాను."

ఆ తర్వాత ఆయన వాక్యాలు ఆయనవే, అక్షరం మార్చలేదు. మతి చెడినదని రాసి ఇచ్చాను, ఫుల్‌స్టాప్.

మూడుసార్లు చదువుకున్నాను. ఇందులో అబద్ధం ఒక్క మాట లేదని దీపం ముందు చేయి పెట్టి చెప్పగలను. ఆయన చెప్పకుండా ఆయన పేరు మీద రాయడం తప్పంటారేమో. మా అక్క చెప్పకుండా మా అక్క మీద రాసినప్పుడు ఎవరూ తప్పనలేదు. ఫైలు పంపేశాను.

సాయంత్రం అమ్మగారి ఫోన్ వచ్చింది. "అందింది బాబూ. నేను అంత శాస్త్రం చదివి తప్పులు పట్టలేను. నువ్వొకసారి చూశావా?"

"చూసినానమ్మా. ఆరో అధ్యాయంలో నాలుగు వాక్యాలు పడిపోయి ఉంటే పెట్టినాను."

"మంచి పని చేశావు నాయనా," అందామె. "ఆయన మాట ఒక్కటి పోయినా ఊరుకునేవారు కాదు."